1.2 కేజీలదా, 2.4 కేజీలదా? రోజూ మెట్రోలో మోయాల్సిన ల్యాప్‌టాప్, సలహా కావాలి

బీమ్_కాలమ్
మాదాపూర్‌లో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ఇల్లు ఎల్బీనగర్. రోజూ అమీర్‌పేట దాకా మెట్రో, అక్కడ లైను మారి హైటెక్ సిటీ. పొద్దున సీటు దొరికితే లాటరీ తగిలినట్టే. నా దగ్గరున్నది 2018లో కొన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్. మూత తెరుస్తుంటే కీలు దగ్గర కిర్రుమంటుంది, తెరిచాక స్క్రీన్ వెనక్కి పడిపోకుండా గోడకు ఆనించి పెట్టుకోవాలి. ఇక దీనితో కాదని కొత్తది కొందామనుకుంటున్నా. బడ్జెట్ 90 వేలు, తప్పదంటే లక్ష.

రెండు చూసి పెట్టుకున్నాను. ఒకటి 1.2 కేజీల పల్చటిది, ఐ7, 16 జీబీ. చేతిలోకి తీసుకుంటే లాంగ్ నోటుబుక్కులా ఉంది, అక్కడే మనసు పారేసుకున్నాను. రెండోది గేమింగ్‌ది, 2.4 కేజీలు, ఐ7, ఆర్టీఎక్స్ 4050 గ్రాఫిక్ కార్డు, 16 జీబీ. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. షాపతను మాత్రం "ఇంజినీరింగ్ పని కదా మేడమ్, గ్రాఫిక్ కార్డు లేకపోతే ఈట్యాబ్స్ ఓపెన్ కూడా కాదు" అన్నాడు (ఈట్యాబ్స్ అంటే బిల్డింగు బలం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్). నిజమేనా?

ఆఫీసు పని ఆఫీసు డెస్క్‌టాప్ మీదే చేస్తాను. ఇది సొంత పనికి. ఖమ్మంలో మా బాబాయి ఆర్కిటెక్ట్, ఆయన పంపే ఇళ్లకి, చిన్న అపార్ట్‌మెంట్లకి డిజైన్ చేసిస్తుంటా. ఆటోక్యాడ్, ఈట్యాబ్స్, అప్పుడప్పుడు రివిట్ (బిల్డింగు 3డీ మోడల్ తయారుచేసేది). (లైసెన్సులు బాబాయివే, ఆ చర్చ మొదలుపెట్టకండి.)

ఫ్యాన్_మోత
గేమింగ్‌ది తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. పవర్ ఉంటే వాడకపోయినా నష్టం లేదు, లేకపోతే తర్వాత ఎక్కడినుంచి తెస్తారు? 2.4 కేజీలు ఎంతని, రెండు చక్కెర ప్యాకెట్లు.

మెడనొప్పి_57
చక్కెర ప్యాకెట్లు ఇంటికి తెచ్చాక డబ్బాలో పోసేస్తాం నాయనా. వాటిని రోజూ హైటెక్ సిటీ తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చుకోం.

నేను ఆరేళ్లు ఆడిట్ పని మీద బరువు ల్యాప్‌టాప్ తగిలించుకుని తిరిగాను. ఒకటే పట్టీ ఉన్న బ్యాగు, అదీ ఎప్పుడూ కుడి భుజానికే. ముందు చెయ్యి తిమ్మిరెక్కేది, పట్టించుకోలేదు. తర్వాత మెడ పట్టేసి స్కూటర్ మీద వెనక్కి తిరిగి చూడలేని స్థితి వచ్చింది. ఫిజియోథెరపీకి పెట్టిన ఖర్చుతో ఇప్పుడు మీరు చూసిన పల్చటిది వచ్చేది. అమ్మాయ్, తేలికది తీసుకో.

ఫ్యాన్_మోత
అంకుల్, మీ మెడ పట్టేసింది బరువు వల్ల కాదు, ఒకే భుజానికి వేసుకోవడం వల్ల.

మెడనొప్పి_57
రెండూ కలిసొచ్చాయి. నీకూ 57 వస్తాయి, అప్పుడు ఇదే ఫోరంలో కలుద్దాం.

సీటీసీ_స్క్రూడ్రైవర్
సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేర్ పని చేస్తాను. రోజూ ఈ రెండు రకాలనూ విప్పేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ముందు ఆ షాపతని మాట. ఈట్యాబ్స్ లెక్క కట్టేది ప్రాసెసర్, దానికి కావాల్సింది ర్యామ్, మంచి ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్ కార్డు విశ్లేషణలో వేలు పెట్టదు, మోడల్‌ని తెర మీద తిప్పేటప్పుడు మాత్రం పనికొస్తుంది. ఆ పని ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో సుబ్బరంగా అయిపోతుంది. రివిట్ కూడా ఎక్కువగా ప్రాసెసర్ మీద, అందులోనూ ఒక్కో కోర్ వేగం మీద ఆధారపడుతుంది. ల్యూమియన్, ఎన్‌స్కేప్ పెట్టి ఇంటి ముందు చెట్లూ కార్లూ వచ్చేలా రెండరింగులు చేస్తే అప్పుడు గ్రాఫిక్ కార్డు తప్పదు. అవి చేస్తారా?

రెండోది, "రెండూ ఐ7" అన్నారు. ఇక్కడే జనం మోసపోతున్నారు. ఐ7 తర్వాత నంబరు చూడండి, ఆ నంబరు చివర అక్షరం చూడండి. యు అని ఉంటే కరెంటు తక్కువ తాగే జాతి, హెచ్ అని ఉంటే బరువు పని చేసే జాతి. ఇంటెల్ 13వ తరంలో ఐ7-1355యు తీసుకోండి, పది కోర్లు అని డబ్బా మీద పెద్దగా వేస్తారు. అందులో గట్టివి రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. బేస్ పవర్ 15 వాట్లు. అదే ఐ5-13500హెచ్‌లో గట్టివి నాలుగు, చిన్నవి ఎనిమిది, 45 వాట్లు. అంటే పేరుకి తమ్ముడైన ఐ5 బరువు పనిలో అన్నగారి ఐ7ని దాటిపోతుంది.

మూడోది, పల్చటి వాటిలో ర్యామ్ చాలావరకు బోర్డుకే అతికించి వస్తుంది. కొన్నప్పుడు 16 అయితే చచ్చేదాకా 16. మూడేళ్ల తర్వాత "అన్నా, ఇంకో 16 వెయ్యవా" అని నా దగ్గరికొస్తే నేను చేసేదేం లేదు, టీ తాగించి పంపిస్తాను.

నిద్రలేని_కోడర్
స్క్రూడ్రైవర్ అన్న చెప్పింది బంగారం. ఒక్కటి కలుపుతా. పల్చటివాటిలో వేడి పోయే దారి తక్కువ. పని మొదలైన నిమిషం రెండు నిమిషాలు గుర్రంలా పరుగెత్తుతాయి, తర్వాత వేడెక్కి వేగం దించేస్తాయి. షాపులో ఫైల్ తెరిచి చూస్తే మీకు కనిపించేది ఆ గుర్రమే. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ పది నిమిషాలు నడిపించి చివరి స్కోరు చూడండి, అసలు రంగు బయటపడుతుంది. షాపువాళ్లు ఒప్పుకోకపోతే యూట్యూబ్‌లో అదే మోడల్‌కి ఎవరో ఒకరు చేసి పెట్టే ఉంటారు.

అను_ఫాంట్స్_బాధితుడు
విజయవాడలో డీటీపీ చేస్తాను. మే నెలలో మా గదిలో ఫ్యాన్ కింద పల్చటి ల్యాప్‌టాప్ పెట్టుకుంటే దాని మీద పెసరట్టు వేసుకోవచ్చు.

డల్లాస్_పెసరట్టు
ఎవరో నన్ను పిలిచినట్టున్నారు

ఆపిల్_పండు
ఇంత చర్చ అక్కర్లేదు. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం4 తీసుకోండి. 1.24 కేజీలు, ఫ్యాన్ లేదు, మోత లేదు, 16 జీబీతోనే మొదలవుతుంది, ఛార్జర్ ఇంట్లో వదిలేసి వెళ్లొచ్చు. నేను ఛార్జర్ బ్యాగులో పెట్టుకుని ఏడాదైంది.

నిద్రలేని_కోడర్
ఆవిడ మొదటి పోస్టులో ఏ సాఫ్ట్‌వేర్ పేర్లు రాశారో ఓసారి చదువు బ్రో.

సీటీసీ_స్క్రూడ్రైవర్
ఈట్యాబ్స్, రివిట్ రెండూ విండోస్‌వే. మ్యాక్‌లో ఆటోక్యాడ్ ఒక్కటే నేరుగా నడుస్తుంది. ఇంటెల్ మ్యాకుల్లో బూట్‌క్యాంప్ ఉండేది, విండోస్ వేసుకునేవాళ్లు. ఆపిల్ సొంత చిప్పులు, ఎం సిరీస్, వచ్చాక అదీ లేదు. మ్యాక్‌లోనే విండోస్ నడిపే ప్యారలల్స్‌లో తంటాలు పడి ఎక్కించినా రేపు గడువు రోజున మొరాయిస్తే ఎవరిని అడుగుతారు? రైటర్లకీ కోడర్లకీ అది మంచి మెషీనే, కాదనను. ఈవిడకి కాదు.

ఆపిల్_పండు
సరే, ఒప్పుకున్నా. కానీ మోత లేదు.

ఫ్యాన్_మోత
నా హ్యాండిల్ మీద పడ్డారేంటి అందరూ

డల్లాస్_పెసరట్టు
నా కథ వింటే పనికొస్తుందేమో. ఎంఎస్‌కి వచ్చేటప్పుడు నాన్న "ఒకేసారి మంచిది కొనుక్కో" అంటే 17 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. బ్యాటరీ చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దంటారు కదా, క్యాబిన్ బ్యాగులో పెట్టాను. 7 కేజీల లిమిటు, అందులో ల్యాప్‌టాప్, దాని ఇటుకరాయి లాంటి అడాప్టర్ కలిపి మూడున్నర కేజీలు. శంషాబాద్ కౌంటర్ దగ్గర ఆవకాయ సీసా తీసి నాన్న చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇక్కడికొచ్చాక మొదటి వారం క్లాసుకి తీసుకెళ్లాను. ప్లగ్గు లేని చోట కూర్చుంటే రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. పైగా బ్యాటరీ మీద ఉన్నప్పుడు అది కొన్న వేగంలో సగం కూడా చూపించదు, అసలు పవరంతా గోడలోంచే రావాలి. రెండో వారం నుంచి అది టేబుల్ మీదే ఉండిపోయింది. అంటే నేను లక్షకు పైగా పెట్టి ఎత్తగలిగే డెస్క్‌టాప్ కొన్నానన్నమాట. క్లాసుకి సెకండ్‌హ్యాండ్ చిన్నది కొనుక్కుని, పెద్ద పనుంటే దాంట్లోంచే ఇంట్లోదానికి రిమోట్‌లో కనెక్టయ్యేవాణ్ణి.

మెడనొప్పి_57
ల్యాప్‌టాప్ కోసం ఆవకాయ వదిలిన మనిషి సలహా ఎలా నమ్మడం?

కరెంట్_పోయింది
డల్లాస్ బ్రో చివర్లో చెప్పినదే అసలు సమాధానం. ఇంట్లో డెస్క్‌టాప్, చేతిలో చౌక తేలిక ల్యాప్‌టాప్. నేను సూర్యాపేటలో ఇదే చేస్తున్నా. ఎనీడెస్క్ గానీ క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ గానీ పెట్టుకుంటే చాలు. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి 65 వాట్లు వాడుకునే స్వేచ్ఛ ఉంటుంది, గాలి ఆడుతుంది, పాడైతే ఆ ముక్క ఒక్కటే మార్చుకుంటాం.

ఫ్యాన్_మోత
మీ హ్యాండిలే దానికి సమాధానం సార్. కరెంటు పోతే?

కరెంట్_పోయింది
నవ్వండి. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, కరెంటు తిరిగి రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఒకటుంటుంది, అది పెట్టాను. ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ బ్యాటరీ. 12 వోల్టులు కాబట్టి కాగితం మీద 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను అంతకంటే తక్కువే అనుకోండి. రెండు ఫ్యాన్లు, రౌటరు, డెస్క్‌టాప్ కలిపి మా ఇంట్లో మూడు గంటలు లాగుతుంది. ఒక్కసారే దెబ్బతిన్నా. నేను హైదరాబాద్‌లో ఉండగా మా ఆవిడ ఇల్లు ఊడుస్తూ ప్లగ్గు పీకేసింది. దానికి బయోస్‌లో సెట్టింగు లేదు.

బీమ్_కాలమ్
చదువుతుంటే నవ్వొస్తోంది, తల కూడా తిరుగుతోంది. ల్యూమియన్ అదీ నేను చేయను, బాబాయి దగ్గర వేరే అబ్బాయి చేస్తాడు. అయితే గ్రాఫిక్ కార్డు అక్కర్లేదన్నట్టేనా? మరి ఈ 1.2 కేజీలదాని నంబరు చూశాను, చివర యు అనే ఉంది :(

నిద్రలేని_కోడర్
ఒక ప్రశ్న. ఆఫీసులో డెస్క్‌టాప్ ఉందన్నారు, ఇల్లు ఎల్బీనగర్‌లో ఉంది. మరి ల్యాప్‌టాప్ రోజూ ఎందుకు మోస్తున్నారు? ఎక్కడ తెరుస్తారు, తెరిచి ఏం చేస్తారు?

బీమ్_కాలమ్
మంచి ప్రశ్నే. ఆరింటికి వదిలితే మెట్రోలో కాలు పెట్టే సందుండదు. అందుకని ఆఫీసు కింద టీ కొట్టు పక్కన ఒక కేఫ్ ఉంటే అక్కడ గంటో గంటన్నరో కూర్చుని రద్దీ తగ్గాక బయల్దేరతాను. ఆ గంటలో బాబాయి పంపిన డ్రాయింగుల్లో సవరణలు, పీడీఎఫ్‌లు చూడటం, ఎక్సెల్‌లో స్టీల్ లెక్క. ఈట్యాబ్స్ రన్ చేయడమంటే ఇంటికెళ్లాక, రాత్రి తొమ్మిది తర్వాతే. నెలలో రెండు శనివారాలు సైటుకి వెళ్తాను, అక్కడ డ్రాయింగు తెరిచి మేస్త్రీకి చూపించాలి.

సైటు_దుమ్ము
సైటు మాట వచ్చింది కాబట్టి నేనూ వస్తా. దుబాయ్‌లో సైట్ ఇంజినీర్‌ని. సైటులో మేస్త్రీకి ల్యాప్‌టాప్ ఎవరు చూపిస్తారండీ, ఎండలో తెర మీద మన మొహమే కనిపిస్తుంది. ఏ3 ప్రింటు తీసుకెళ్లండి, లేదా ఫోన్‌లో పీడీఎఫ్. గేమింగ్‌వాటి అడుగున గాలి పీల్చే రంధ్రాలు పెద్దవి, సిమెంటు దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించి థర్మల్ పేస్టు మార్పించుకోవాలి.

సీటీసీ_స్క్రూడ్రైవర్
నిజం. సైటు ఇంజినీర్లు తెచ్చే ల్యాప్‌టాపులు విప్పితే ఒక్కోదాంట్లో ప్లాస్టరింగుకి సరిపడా వస్తుంది.

అను_ఫాంట్స్_బాధితుడు
ఎవరూ తెర సైజు గురించి మాట్లాడరేం? 13 అంగుళాల తెర మీద ఆటోక్యాడ్‌లో కాలమ్ లేఅవుట్ పెడితే డైమెన్షన్ అంకెలు చీమల్లా కనిపిస్తాయి. నాకు 51, చత్వారం. ఈ అమ్మాయికి ఇప్పుడు తెలియదు, రాత్రి పదకొండింటికి తెలుస్తుంది.

నిద్రలేని_కోడర్
అందుకే 14 అంగుళాలు, 16:10 నిష్పత్తి. పాత 16:9 కంటే కిందికి కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది. ఇంట్లోకి 24 అంగుళాల మానిటర్ ఒకటి. ఆవిడ బరువు పని చేసేది ఇంట్లోనే కదా.

మొత్తం కలిపి చూస్తే, అక్కా, మీరు అడగాల్సింది ఈ రెండింటి గురించి కాదు. మధ్యలో ఇంకో రకం ఉంది, షాపుల్లో ముందు వరసలో పెట్టరు. 1.4, 1.5 కేజీలు, 14 అంగుళాలు, హెచ్ ప్రాసెసర్, విడి గ్రాఫిక్ కార్డు ఉండదు, ర్యామ్ స్లాట్లు ఉంటాయి. థింక్‌ప్యాడ్ ఇ14 లాంటివి. చూడ్డానికి కాలేజీ ప్రిన్సిపాల్ ల్యాప్‌టాప్‌లా నల్లగా ఉంటాయి, మనసు పారేసుకునే రకం కాదు. 65 వాట్ల టైప్-సి ఛార్జర్ సరిపోతుంది, అదే ఛార్జర్ ఫోన్‌కీ పనికొస్తుంది.

ఫ్యాన్_మోత
మధ్యేమార్గం అంటే రెండు వైపులా రాజీ పడటమే. అంత తేలికా కాదు, అంత పవరూ కాదు. రేపు ఆవిడ 30 అంతస్తుల టవర్ చేస్తే?

బీమ్_కాలమ్
30 అంతస్తులా! బాబాయి ఇచ్చినవాటిలో పెద్దది స్టిల్ట్ ప్లస్ ఫైవ్ :) భూకంపం లెక్కలో రెస్పాన్స్ స్పెక్ట్రమ్ దాకానే చేస్తాను, ఇంకా బరువైన నాన్ లీనియర్ టైమ్ హిస్టరీ జోలికి పోను. ఈ 2018 డొక్కుదాంట్లోనే రన్ పెట్టి గిన్నెలు తోముకుని వచ్చేసరికి అయిపోతుంది. నన్ను ఏడిపిస్తున్నది ర్యామే, ఈట్యాబ్స్, రివిట్, క్రోమ్ మూడూ కలిపి తెరిస్తే కదలదు.

సీటీసీ_స్క్రూడ్రైవర్
అయితే తేలిపోయింది. మీకు కావాల్సింది ర్యామ్. కోడర్ చెప్పినదాని మీద ఒక్క మాట: "స్లాట్లు ఉంటాయి, తర్వాత వేసుకోవచ్చు" అని మేమే అందరికీ చెప్పేవాళ్లం. 2025 చివరి నుంచి డీడీఆర్5 ర్యామ్ ధరలు చుక్కలు చూపిస్తున్నాయి. తర్వాత చవకవుతుందని ఎదురుచూడొద్దు, వీలైతే ఇప్పుడే 32 జీబీతో తీసుకోండి. లేదంటే 16 ఒకే స్టిక్కు మీద వచ్చేది తీసుకుని రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. 8, 8గా వస్తే రేపు ఆ రెండూ పీకి పక్కన పడేయాలి. కొన్ని మోడళ్లలో సగం అతికించి సగం స్లాటులో ఇస్తారు, మోడల్ పేరు ఒకటే అయినా తరం మారితే లోపల మారిపోతుంది. కొనేముందు నంబరు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.

కరెంట్_పోయింది
డెస్క్‌టాప్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మెడనొప్పి_57
మీ ఆవిడ పట్టించుకుంది కదా.

డల్లాస్_పెసరట్టు
ఇంకో మాట. షాపు చీటీ మీద రాసే బరువు ల్యాప్‌టాప్ ఒక్కదానిదే. ఛార్జర్‌తో కలిపి తూచాలి. పల్చటిదాని ఛార్జర్ పావు కేజీ ఉంటే గేమింగ్‌వాటిది 600, 700 గ్రాములు ఉంటుంది. బీమ్_కాలమ్ గారూ, అసలు ఇప్పుడు మీ బ్యాగు మొత్తం ఎంతుందో ఎప్పుడైనా చూశారా?

బీమ్_కాలమ్
లేదు. రేపు ఆదివారం కదా, కింద కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చెప్తా.

బీమ్_కాలమ్
తూచాను. కొట్టతను "ఏం అమ్ముతున్నావమ్మా" అని అడిగాడు.

మొత్తం 6.1 కేజీలు. నాకే నమ్మకం కుదరలేదు. ల్యాప్‌టాప్ 2.2, ఛార్జర్ 450 గ్రాములు. అన్నం కూరతో స్టీల్ క్యారియర్ 1.3. నీళ్ల బాటిల్ 1.15. మిగిలిన కేజీ: గొడుగు, పర్సు, ఇంకా కాంక్రీట్ డిజైన్ చార్టులుండే ఎస్పీ 16 పుస్తకం.

సైటు_దుమ్ము
ఎస్పీ 16 పుస్తకమా!! 1980 నాటి చార్టులు మెట్రోలో మోస్తున్నావా తల్లీ

బీమ్_కాలమ్
మా సార్ సంతకం పెట్టి ఇచ్చిన కాపీ. కాలమ్ బలం చూపే ఇంటరాక్షన్ కర్వ్ కాగితం మీద చూస్తేనే నాకు ధైర్యం. నవ్వుకోండి.

ఫ్యాన్_మోత
లెక్క చూడండి ఇప్పుడు. గేమింగ్‌ది తీసుకుంటే 2.4 ప్లస్ 0.7, అంటే 3.1. ఇప్పుడు మోస్తున్న 2.65 కంటే 450 గ్రాములే ఎక్కువ. నీళ్ల బాటిల్ ఖాళీగా తీసుకెళ్లి ఆఫీసులో నింపుకుంటే ఒక కేజీ తగ్గుతుంది. ఇప్పటికంటే అరకేజీ తక్కువ బరువుతో ఆర్టీఎక్స్ 4050! నేను గెలిచాను.

నిద్రలేని_కోడర్
అదే ఖాళీ బాటిల్‌తో, 1.5 ప్లస్ 0.3 దాన్ని తీసుకుంటే మొత్తం 4.25కి దిగుతుంది. లెక్క సగంలో ఆపేస్తే ఎవరైనా గెలుస్తారు.

మెడనొప్పి_57
మొత్తం చర్చలో పైసా ఖర్చు లేకుండా కేజీ తగ్గించిన మొదటి మనిషి ఫ్యాన్_మోతే. ఒప్పుకోవాలి. అమ్మాయ్, రెండు పట్టీల బ్యాగు కొనుక్కో, రెండూ తగిలించుకో. మెట్రో ఎక్కగానే ముందుకు వేసుకో.

ఆపిల్_పండు
ఎయిర్ అయితే ఇంకా తక్కువ...

నిద్రలేని_కోడర్
బ్రో.

బీమ్_కాలమ్
నిన్న సాయంత్రం వెళ్లాను. షాపతను మళ్లీ గేమింగ్‌దే చూపించబోయాడు. కాదు, హెచ్ ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు లేకుండా, 14 అంగుళాలు, రెండు ర్యామ్ స్లాట్లు అని అడిగితే ఓసారి నా మొహం చూసి లోపలికెళ్లి తెచ్చాడు. నంబరు స్క్రూడ్రైవర్ అన్నకి మెసేజ్ చేశాను, 16 ఒకే స్టిక్కు, రెండో స్లాటు ఖాళీ అని కన్ఫర్మ్ చేశారు. బడ్జెట్‌లో మిగిలినదానితో ఇంకో 16, ఇంట్లోకి మానిటర్ తీసుకుంటున్నా. ర్యామ్ ధర చెప్పగానే కాసేపు మాట రాలేదు, అయినా తీసుకున్నా. ఆ 1.2 కేజీలదాన్ని వచ్చేటప్పుడు ఇంకోసారి చేతిలోకి తీసుకుని చూసొచ్చాను. బాధగానే ఉంది.

ఫ్యాన్_మోత
సాయంత్రం గేమ్స్ ఆడాలనిపిస్తే నన్ను తలుచుకోండి.

డల్లాస్_పెసరట్టు
బ్యాగు ఇప్పుడు ఎంతుంది?

బీమ్_కాలమ్
నాలుగు కేజీల పైనే. ఎస్పీ 16 అలమరలో పెట్టాను. నీళ్ల బాటిల్ ఖాళీగా తీసుకెళ్తానంటే అమ్మ సరేనంది. బరువు తగ్గింది కదా అని మర్నాడు క్యారియర్‌కి ఇంకో గిన్నె తగిలించింది.